మా వీధిలో దోనె ప్రయాణం

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పడవ ప్రయాణమంటే మనలో చాలామందికి పాపికొండలో, భద్రాచలమో గుర్తుకు వస్తాయి. పులిహోర పొట్లాలు కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, రేవులో టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళిరావటం. నేను చెప్పబోయే ప్రయాణానికి టిక్కెట్టూ లేదు, రేవూ లేదు. మా యింటి మేడమెట్ల మీద ఎక్కాను, సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర దిగాను. మామూలు రోజుల్లో ఆటోలో పది నిమిషాల దారి. ఆ రోజు గంటన్నర పట్టింది. 2024 సెప్టెంబరు 3వ తేదీ, మంగళవారం. విజయవాడ నగరంలో, బుడమేటి మీద చేసిన ప్రయాణం అది.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తరవాతి కథ అతకదు. మా పుట్టిల్లు జఫర్‌గఢ్. ఇప్పుడు జనగామ జిల్లా అంటున్నారు గాని మా చిన్నతనంలో వరంగల్లు జిల్లా. కొండమీద కోట, కింద ఊరు, ఊరికి చెరువు. చెరువు నిండి పొర్లితే మావైపు "మత్తడి దుంకుతాంది" అంటారు. ఈ జిల్లాకు కోడలిగా వచ్చాక "అలుగు" అనటం నేర్చుకున్నాను. మత్తడి దుంకిన రోజున ఊళ్ళో పండగే. పిల్లలం పలకలు యింట్లో పడేసి కట్టమీదికి పరుగెత్తేవాళ్ళం. ఆ నీళ్ళు వాగుల వెంట పోయి వర్ధన్నపేట వైపు ఆకేటిలో కలుస్తాయి. ఆకేరు ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద మున్నేటిలో కలుస్తుంది. మున్నేరు ఖమ్మం పట్నాన్ని ఒరుసుకుంటూ వెళ్ళి, ప్రకాశం బరాజుకు ఎగువన కృష్ణలో పడుతుంది. ఇదంతా బళ్ళో పటం మీద పుల్లతో చూపించి మార్కులు తెచ్చుకున్నదే. దాని అర్థం మాత్రం యాభై దాటాక తెలిసింది.

చెరువు నిండినప్పుడు మునిగే భూమిని మావైపు శిఖం అంటారు. నీళ్ళు తీసిన తరవాత అందులో దోసకాయలో, పెసలో వేసుకునేవారు. ఇల్లు మాత్రం ఎవరూ కట్టేవారు కాదు. ఎందుకని అడగవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు. చెరువుది చెరువుకే.

2011లో మేము సింగ్‌నగర్ వైపు ఇల్లు కొన్నాం. కింద రెండు గదులూ వంటిల్లూ, పైన అద్దెకిచ్చుకోవటానికి ఒక వాటా. గృహప్రవేశానికి మా అమ్మ వచ్చింది. చుట్టాలంతా వంటింటి గట్టు చూసి, అలమారలు చూసి బాగున్నాయంటున్నారు. మా అమ్మ మాత్రం బకెట్టు నీళ్ళు తెచ్చి గేటు ముందు కుమ్మరించి, నడుంమీద చెయ్యి వేసుకుని చూస్తూ నిలబడింది.

"గీ నీళ్ళు ఏ దిక్కు పోతయి బిడ్డా?" అంది.

"మునిసిపాలిటీ కాలవలోకి అత్తయ్యగారూ" అన్నారు మావారు నవ్వుతూ.

"మరి గా కాలువ నిండితే?"

దానికి ఎవరం జవాబు చెప్పలేదు. పల్లెటూరి మనిషి, పట్నం సంగతి ఆమెకేం తెలుసు అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను. అదే నాకు యిప్పటికీ సిగ్గుగా వుంటుంది. ఇల్లు అమ్మిన పెద్దమనిషి అంతకుముందే మాకు చెప్పాడు కదా - "బుడమేరు అంటే వట్టి మురుగు కాలవండీ, దానికి భయపడతారా" అని.

కాలవే అనుకున్నాం. పేరు చివర "ఏరు" అని వున్నా ఆలోచించలేదు. ఆకేరు, మున్నేరు, పాలేరు అని పుట్టింటి వైపు వాగుల పేర్లు గడగడా చెప్పే దాన్ని, ఇంటికి కూతవేటు దూరంలో వున్న ఏరును కాలవ అన్నాను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడకు ఉత్తరపు వైపుగా సాగి, కొల్లేటికి చేరుతుంది. దాని వరద నగరం మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, ఒక మళ్ళింపు కాలవ తవ్వి కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. అంచేత నగరంలోని పాత పాయ ఏడాదిలో ఎక్కువ రోజులు చిక్కిపోయి, గుర్రపుడెక్క అల్లుకుని, మన యిళ్ళలో వాడి పారబోసిన నీళ్ళు మోస్తూ వుంటుంది. చూసినవాళ్ళు ముక్కు మూసుకుంటారే గాని నమస్కారం పెట్టరు.

2005లో ఒకసారి ఆ ఏరు ఊళ్ళోకి వచ్చి వెళ్ళింది. మా పక్కింటి మామ్మగారు తలుపు గడియ చూపించి "ఇదిగో, యిక్కడిదాకా" అనేవారు. మేము "అలాగాండీ" అని, ఆవిడ యిచ్చిన కాఫీ తాగి వచ్చేవాళ్ళం.

ఇక అసలు సంగతి. 2024 ఆగస్టు 31, శనివారం. తెల్లవారిన దగ్గర నుంచీ ఒకటే వాన. సాయంత్రం జఫర్‌గఢ్ నుంచి అమ్మ ఫోను చేసింది. "మత్తడి దుంకుతాంది బిడ్డా, ఆకేరు నిండుగ వస్తాందట. మీ దిక్కు ఎట్లున్నది?" అంది. మావైపు పరవాలేదన్నాను. ఆ రాత్రి అక్కడ కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద మట్టీ కంకరా కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. మరునాడు ఖమ్మంలో మున్నేరు వీధుల్లోకి వచ్చింది.

మా యింట్లో ఆదివారం తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచింది మా అత్తయ్యగారు. ఆవిడకు డెబ్బై ఏడేళ్ళు. అవనిగడ్డ పక్క పల్లెలో పుట్టిన మనిషి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయినప్పుడు బతికి బయటపడ్డవారు. ఆ రాత్రి గురించి ఎప్పుడడిగినా మాట మార్చేస్తారు. ఆవిడ నన్ను తట్టి లేపి "అమ్మాయ్, నీళ్ళ వాసన వస్తోంది, లే" అన్నారు. నేను లైటు వేశాను. వాకిట్లో చెప్పులు కదులుతున్నాయి. మోకాలి లోతు రావటానికి అరగంట కూడా పట్టలేదు. ముందు మెయిను స్విచ్చి తీసేయించారు. తరవాత మందుల డబ్బా, బియ్యం, స్టవ్వు, తాగేనీళ్ళ బిందె. ఈ క్రమం ఆవిడ చెప్పిందే. నేనైతే బీరువాలో చీరల వైపు వెళ్ళాను, దాపరికం ఎందుకు. పై వాటాలో అద్దెకున్నవాళ్ళు తలుపులు బార్లా తీశారు. తెల్లారేసరికి కింద వంటింటి కిటికీ మునిగింది.

ఏం జరిగిందో తరవాత పేపర్లలో చదివి అర్థం చేసుకున్నాను. మళ్ళింపు కాలవ గట్టు మూడుచోట్ల తెగింది. అదే సమయానికి కృష్ణ కూడా నిండి వుంది. ఆ రెండు రోజుల్లో ప్రకాశం బరాజు దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వచ్చింది. 2009 అక్టోబరు వరదను కూడా మించింది. మన వంటింటి సింకులో నీళ్ళు దిగకపోతే ఏం చేస్తాం? గొట్టం అవతలి చివర ఏం అడ్డం పడిందో చూస్తాం. కాలవ వెళ్ళి కలవవలసిన కృష్ణే నిండుగా వుంటే కాలవ నీరు ఎక్కడికి పోతుంది? మరి ఆ కృష్ణను నింపిన నీళ్ళలో పైనుంచి సాగర్ వదిలినవి వున్నాయి, మున్నేరు తెచ్చినవీ వున్నాయి. అంటే మా ఆకేరు, మా ఊరి మత్తడి. అమ్మ ఫోనులో చెప్పిన నీళ్ళన్నమాట. నేను దానికి "ఇక్కడ పరవాలేదమ్మా" అన్నాను.

ఆదివారం, సోమవారం మేడమీదే గడిపాం. ఆకాశంలో హెలికాప్టర్లు, డ్రోన్లు. డ్రోను అంటే పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేది అనుకున్నాను, దానితో ఆహారపొట్లాలు కూడా పంపారు. మా డాబా మీద ఒక పొట్లం పడింది, రెండోది పక్క సందులో నీళ్ళలో పడింది. చుట్టూ నీళ్ళు, తాగటానికి మాత్రం బిందెలో అడుగు కనిపిస్తోంది. చెద్దర్లు పరిచి వాన నీళ్ళు పట్టాం.

అసలు చిక్కు అత్తయ్యగారి ఇన్సులిన్. వాడుతున్న సీసా మందులడబ్బాలో పైకి వచ్చింది. కొత్తది కింద ఫ్రిజ్జులో వుండిపోయింది. ఆ ఫ్రిజ్జు వెల్లకిలా తేలుతోంది. వున్న సీసాను తడిగుడ్డ చుట్టి కూజా పక్కన పెట్టాను. వాడుతున్న సీసా చల్లటి చోట వుంటే బయట కూడా నాలుగు వారాలు చెడదని డాక్టరుగారు తరవాత చెప్పారు. అయితే అందులో మందే సోమవారం రాత్రితో అయిపోయింది. మంగళవారం పొద్దుటికి ఆవిడ నాలుక పిడచకట్టి, నోట మాట తగ్గిపోయింది.

ఎనిమిది గంటలకు ఒక రబ్బరు పడవ వచ్చింది. అత్తయ్యగారు ఎక్కనన్నారు. "నేను చూసిన నీళ్ళు చాలు, యిక్కడే పోతాను" అన్నారు. మావారు బతిమాలారు, కోప్పడ్డారు కూడా. ఎవరు చెప్పినా వినలేదు. ఆ పడవ వాళ్ళకు మాలాటి యిళ్ళు వంద వున్నాయి, వెళ్ళిపోయారు. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. మర్నాటికి ఏమవుతుందో అనే భయం కోపంగా మారింది.

పదకొండు దాటాక రెండోది వచ్చింది. చిన్నది, సన్నది. ముందొకరు గడ వేస్తున్నారు, వెనకొకరు తెడ్డు. కొల్లేటివైపు నుంచి లారీలో ఎక్కించుకు వచ్చారట. చేపలచెరువుల్లో మేత వెయ్యటానికి వాడేదట. "దోనె అంటామండీ మేం. మా తాతల నాడు తాటిమాను తొలిచి చేసేవోరు, యిప్పుడు ఫైబరు" అన్నాడు గడ మనిషి. పాతికేళ్ళుంటాయి. అప్పటికే అందులో పైవీధి అమ్మాయి ఐదు నెలల పసిదాన్ని పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుని వుంది. అమ్మాయి రెండు చేతులతో పడవ అంచు పట్టుకుంది, పిల్ల ఒళ్ళోంచి జారుతోంది. అత్తయ్యగారు అది చూశారు.

"అంచు వదలవే తల్లీ. పిల్లని నాకియ్యి" అన్నారు. అంతే, లేచారు.

చిన్నపడవ ఎక్కటం ఎలాగో ఆ అబ్బాయి చెప్పినది మీకూ చెబుతాను. ఎప్పుడు ఎవరికి అవసరమొస్తుందో. కాలు అంచు మీద వెయ్యకూడదు, సరిగ్గా నడిమధ్య వెయ్యాలి. వేసిన వెంటనే కూర్చోవాలి, నిలబడి చీర సర్దుకోకూడదు. బల్లమీద కన్నా అడుగున కూర్చుంటే పడవ నిలకడగా వుంటుంది. బరువైనవాళ్ళు మధ్యన. ఏదైనా చూడాలంటే తల తిప్పాలి, ఒళ్ళు వంచకూడదు. ఒకరు ఒకవైపు వంగితే భయంతో అందరూ అటే చూస్తారు, అక్కడే వస్తుంది ప్రమాదం. సామాను వద్దు. నేను ఒక చేతిసంచీ తెచ్చుకున్నాను: ఆస్పత్రి కాగితాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవరులో ముడేసి, పిల్లదానికోసం రెండు పాతచీర ముక్కలు. మావారు మగవాళ్ళతో పాటు తరవాత వస్తామని ఆగిపోయారు.

మెట్ల దగ్గర నుంచి కదిలేముందు ఆ అబ్బాయి డాబావైపు చూసి "అమ్మగారూ, ఆ బట్టలారేసే తాడు యిస్తారా? మాది పొద్దున ఊచలకు తగిలి తెగిపోయిందండి" అన్నాడు. మావారు విప్పి విసిరారు. నీలం నైలాను తాడు.

నా వీధిలో నేను పడవమీద వెళుతున్నాను. కూరగాయల బండి ఆగే చోటు, యిస్త్రీ అబ్బాయి బల్ల, బడి బస్సు కోసం నిలబడే అరుగు, అన్నీ అడుగునే వున్నాయి. కార్ల కప్పులు తాబేళ్ళ వీపుల్లా కనబడీ కనబడకుండా వున్నాయి. గడ దింపినప్పుడల్లా కింద ఏదో ఒకటి టంగుమనేది. "గేటు" అనేవాడు. "స్కూటరు" అనేవాడు. ప్రహరీల మీద దొంగల కోసం పాతిన ఊచలున్నాయే, నీళ్ళకింద అవే అన్నిటికన్నా ప్రమాదం. ఒక్కటి గీసుకుంటే పడవ అడుగు చీరుకుపోతుంది. అంచేత దగ్గరదారి వదిలి రోడ్డు మధ్యనే పోయాం. కరెంటు స్తంభాలను, ఇనుపగేట్లను చేత్తో పట్టుకోవద్దని మరీ మరీ చెప్పాడు. సరఫరా తీసేశారని అందరూ అంటున్నా సరే.

నీళ్ళమీద ఏమేమి తేలాయో చెబితే అసహ్యంగా వుంటుంది. పాలకవర్లు, థర్మోకోలు ముక్కలు, పిల్లల చెప్పులు, గ్యాసు సిలిండర్లు, చచ్చిన దూడ. కవర్లు మాత్రం గుట్టలు గుట్టలు. కట్టేసిన ముడితో సహా కొన్ని వున్నాయి. ముడి చూస్తే అది ఆడవాళ్ళ చేతిముడి అని తెలుస్తుంది. వంతెన మీదనుంచి నేను విసిరినవీ అందులో వుండే వుంటాయి.

సందులో వున్నంతసేపూ నీరు చెరువులా నిలబడి వుంది. భయం కొంచెం తగ్గింది. సందు దాటి పెద్దరోడ్డు అడ్డం వచ్చేసరికి దోనె ముందుభాగం దానంతటదే పక్కకు తిరిగిపోయింది. వెనకున్న పెద్దమనిషి "ధార, ధార" అని కేకవేశాడు. ఇద్దరూ ఒకవైపే బలం పెట్టినా పడవ జారుతోంది. ఎదురుగా ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె. అడుగునుంచి ఒకరకమైన గరగర చప్పుడు, అది నా అరికాళ్ళకు తెలుస్తోంది. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని పిల్లని గుండెకు అదుముకున్నారు. ఆ అబ్బాయి నీలంతాడు ఉచ్చువేసి ఒక షాపు బోర్డు కమ్మీకి విసిరాడు. రెండోసారికి పడింది. తాడు బిగిసింది, దోనె ఆగింది. తాడు లాక్కుంటూ అంగుళమంగుళం అవతలి సందులోకి చేరాం.

అప్పుడు తెలిసింది నాకు. మురుగుకాలవకు ధార వుండదు. కొండల్లోంచి కొల్లేటికి పోతున్న ఏరు అది. తన దారిన తాను పోతోంది. ఆ దారిలో పదమూడేళ్ళుగా నేను పప్పు, చారు కాచుకుంటున్నాను.

అవతలి సందులో కాస్త ఊపిరి తీసుకున్నాక "మీది ఏ ఊరు నాయనా?" అని అడిగాను. కొల్లేటిగట్టు ఊరి పేరు చెప్పాడు. "ఈ నీళ్ళే అమ్మగారూ, నాలుగైదు రోజుల్లో మా ఊరొచ్చేస్తాయండి. శుక్రవారానికల్లా ఎల్లిపోవాలి. మా అమ్మనీ, గేదెల్నీ ఎత్తుమీదకి చేర్చాలి" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. మన యింటికి చుట్టాలొస్తున్నారంటే మనం ఎలా అంటామో అలా. తన ఊరికి రాబోయే నీళ్ళమీద తన దోనె వేసుకుని మమ్మల్ని దింపుతున్నాడు. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. సంచీలోంచి డబ్బు తీశాను. "డీజిలు లేదు కదండీ, ఎందుకు?" అన్నాడు. తాడు మాత్రం వుంచుకుంటానన్నాడు.

ఫ్లైఓవరు దగ్గర జనం తిరునాళ్ళలా వున్నారు. వైద్యశిబిరంలో ఇన్సులిన్ దొరికింది. డాక్టరమ్మ ఇంకో రోజు ఆలస్యమైతే ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చేదన్నారు. అత్తయ్యగారు సూదిమందు వేయించుకునేటప్పుడు కూడా పిల్లని దింపలేదు. ఆ సాయంత్రానికే మావారు కూడా వచ్చేశారు.

అందరికీ మాలాగ జరగలేదు. ఆ వరదల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. గట్టుకు పడిన గండ్లు పూడ్చటానికి సైన్యం వాళ్ళు కూడా వచ్చారు. మూడోది మూసేసరికి 7వ తేదీ, శనివారం. సరిగ్గా వినాయకచవితి. చుట్టాలింట్లో పత్రి లేకుండా, పసుపుముద్దతో వినాయకుణ్ణి చేసి పూజ చేసుకున్నాం. ఇదే వరదలో ఇంకో విచిత్రం కూడా జరిగింది. కట్టుతెంచుకుని కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద పడవలు ప్రకాశం బరాజును గుద్దుకుని గేట్ల ఎదురుబరువులను విరగ్గొట్టాయి. పడవ అంటే ఎవరి చేతిలో వుందన్నదే ముఖ్యం కాబోలు.

ఊరిమధ్య ఏరున్న పట్నాలన్నిటికీ ఇలాటి కథ ఒకటి వుంది. హైదరాబాదులో మూసీ 1908 సెప్టెంబరు 28న వేలమందిని తీసుకుపోయింది. ఆ దెబ్బతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టడం పూర్తిచేశారు. మద్రాసులో 2015 డిసెంబరులో అడయారు పొంగితే అక్కడా జాలరిసోదరులే పడవలు తెచ్చారు.

ఇల్లు కడుక్కోవటం గురించి వేరే ప్రసంగం కావాలి. ఫైరింజన్లు వచ్చి వీధులు కడిగాయి. మాకు బురద ఎత్తటానికే వారం పట్టింది. ఒక్క మాట: తడిసిన ఫ్రిజ్జు, మిక్సీ, వాషింగుమెషీను ఆరిందని ఆత్రపడి ప్లగ్గు పెట్టకండి, మెకానిక్కుకు చూపించాకనే. బ్లీచింగ్ పౌడరుతో గచ్చు కడిగేటప్పుడు కాళ్ళకు పుళ్ళుంటే ప్లాస్టిక్ సంచులైనా కట్టుకోండి, బురదనీటితో ఎలుకల జ్వరం వస్తుంది.

దసరాకు జఫర్‌గఢ్ వెళ్ళాను. సద్దుల బతుకమ్మ నాడు అమ్మతో చెరువుకు వెళ్ళి, బతుకమ్మను నీళ్ళలో వదిలి, గట్టుమీద కూర్చున్నాం. గృహప్రవేశం నాటి బకెట్టు సంగతి నేనే ఎత్తాను. "నీకు యాదికున్నదా?" అంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. "నీళ్ళకు నోరు లేదు బిడ్డా, అందుకే పోసి చూసిన" అని, నా పళ్ళెంలోంచి సత్తుపిండి ఇంత తీసుకుంది.

ఇల్లు అమ్మి వెళ్ళిపోదామని మావారు, వుందామని అత్తయ్యగారు. ఇంకా తేలలేదు. ఈలోగా మేము చేసినది ఇంతే: గోడమీద నీళ్ళమరక ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఎర్రరంగుతో గీతగీసి, 2024 సెప్టెంబరు అని రాయించాం. కొత్తగా సున్నం వేసినవాళ్ళు దాన్ని కప్పెయ్యబోతే అత్తయ్యగారు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. రేపు ఈ ఇల్లు ఎవరైనా కొంటే వాళ్ళు చూడాలట. ఇల్లు ధర తగ్గుతుందని మావారి బాధ.

దోనె అబ్బాయి నంబరు ఆ రోజే రాసుకున్నాను. పదిరోజుల తరవాత ఫోను చేశాను. నీళ్ళు వాళ్ళ ఊళ్ళోకీ వచ్చాయట. అమ్మను, గేదెలను ముందే గట్టుమీదికి చేర్చాడట. పాక గోడ ఒకటి పడిందన్నాడు. "మామ్మగారెలా వున్నారండీ?" అని అడిగాడు. ఇదిగో, నువ్వే అడుగు బాబూ అని ఆవిడకిచ్చాను. వాళ్ళిద్దరూ గేదెల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరకు ఆవిడ "తాడు జాగ్రత్త, ఎండకు పెట్టకు, నైలాను పెళుసెక్కుతుంది" అని చెప్పి ఫోను నాకిచ్చేశారు.